పదకొండో నెల

కిరాయిదారుల సంవత్సరానికి
పదకొండు నెలలే.
వంద రూపాయల స్టాంపు కాగితం మీద
పన్నెండో నెల ఏడ పోయిందో
కరీమాబాద్‌ల ఎవలనడిగినా చెప్పలే.

ఆ కాగితం గూడ ఒక్కటే,
రుక్మారెడ్డి సారు బీరువాల.
నాకు మిగిలింది నోటిమాట:
"అడ్వాన్సు ఏడికి పోతదయ్యా ఐలయ్యా,
నా దగ్గరుంటే బ్యాంకుల ఉన్నట్టే."
పదిహేను వేలు.
సరోజన పుస్తెలతాడు కుదువబెట్టి తెచ్చినవి.
మిత్తి మేం నెలనెలా కట్టినం.
ఈ బ్యాంకు మాత్రం మాకు మిత్తి ఇయ్యలే.

నాలుగేండ్లున్నం వెనుక పోర్షన్ల.
మూడు వానకాలాలు
పొయ్యి వెనుక గోడ నీళ్లు తాగింది.
చెప్పిన. చూస్త అన్నడు.
చూసిండు గూడ,
గుమ్మం కాడ్నే నిలబడి, చెప్పులు ఇడువకుండ.

ఖాళీ చేసిన్నాడు
సారు వేళ్లు మడిచి లెక్క చెప్పిండు.
మేకుల బొందలు, సిలిండర్ కింద గుండ్రటి తుప్పు:
పన్నెండొందలు.
కరెంటు, నీళ్లు: పదకొండొందలు.
మోటరు రిపేరుల మా వంతు పద్నాలుగొందలు.
"గోడకు తేమ పట్టింది,
మీరు తడిబట్టలు లోపల ఆరేసిండ్లు."
రంగులకు తొమ్మిది వేలు.
నా చేతిల పెట్టింది
రెండు వేల మూడొందలు.

"సారూ, నేను రంగులేసెటోన్ని.
పద్దెనిమిదేండ్ల సంది
ఏ గోడ ఎంత లప్పం తాగుతదో
చెయ్యి పెడితే చెప్త.
సామాను తెప్పియ్యుండ్రి, కూలి వద్దు,
నేనే వేసి పోత."

"ఎవలి ఇల్లు వాళ్లు వేసుకుంటే
పని మంచిగ కాదు" అన్నడు.
ఆఖరికి ఇంకో మాట అన్నడు:
"అంత ఇచ్చినవంటున్నవ్ గదా, రసీదున్నదా?"

సరోజన గిన్నెల మూట నెత్తికెత్తుకుంది.
మాట్లాడలే.
ఆటోల గూడ మాట్లాడలే.

తొమ్మిదో రోజు పొద్దుగాల
అడ్డా మీద నిలబడ్డ.
సాంబమూర్తి మేస్త్రి బండి ఆపిండు.
"చిన్న పనే. రెండు రోజులు.
రోజుకు తొమ్మిదొందలు, ఎక్కు."
సందు తిరిగినంక
నాకంటే ముందు నా కాళ్లే గుర్తుపట్టినయ్.

తాళం తీసింది సారే.
నన్ను చూసిండు, గోడను చూసిండు.
"వంటింట్ల మంచిగ గీకుండ్రి" అన్నడు
మేస్త్రితోని.

నా ఎనిమిది మేకుల బొందలు నేనే పూడ్చిన.
ఒకటి క్యాలెండర్‌ది.
ఒకటి స్పందన బడి సంచిది.
ఒకటి ఎందుకు కొట్టిన్నో
ఎంత ఆలోచించినా యాదికి రాలే.
నా అడ్వాన్సే నాకు
రోజు కూలి లెక్కన వాపసొస్తున్నది,
మేస్త్రి కమీషన్ పోను.
నవ్వొచ్చింది.
నవ్వితే లప్పం పొడి నోట్ల పడ్డది.

రెండో రోజు మధ్యాహ్నం దాకా
అన్ని గోడలూ అయినయ్,
పొయ్యి వెనుక మరక తప్ప.
"అదెందుకు ఇడిసిపెట్టినవ్?"
"ఆరలే మేస్త్రీ" అన్న.
అబద్ధం కాదు.
మూడేండ్ల సంది అది ఆరనే లేదు.

అప్పుడొచ్చింది ఆమె,
ములుగు దిక్కు పిల్ల,
పెద్ద దవాఖానల కొత్తగ నర్సు డ్యూటీ అంట.
చేతిల స్టీలు టిఫిను, భుజానికి సంచి.
"ఇల్లెట్లుంటదన్నా?"

సారు మెట్లు దిగుతున్న చప్పుడు.
నాకు దొరికింది పది మెట్లంత సేపు.
"సామాను దించకముందే ఫోటోలు తీసుకో చెల్లే,
ప్రతి గోడా, తారీకు పడేటట్టు.
కాగితం రెండు రాయించు,
ఒకటి నీ దగ్గర పెట్టుకో.
సంతకం లేంది పైస ఇయ్యకు.
ముందుగాల ఇగో, ఇది."
బ్రష్ కొసతోని చూపిచ్చిన.

ఆమె ఏమీ అడగలే.
ఫోను ఎత్తింది.
మరకతోని పాటు
నా మణికట్టు పడ్డది ఫోటోల,
తెల్లచుక్కల వాచీ పడ్డది,
కింద మూలకు తారీకు.

ఆ తర్వాతనే బ్రష్ ముంచిన.
రెండు కోట్లు వేసిన, నున్నగ.
పని పనే.