చేతిపటం

ఉత్తరం పైన ఉండాలని ట్రైనింగులో చెప్పినారు.
మా ఊరికి ఆ బెంగ లేదు.
నేను పెన్సిలు చెక్కకముందే కొండ వచ్చి ఉత్తరాన కూర్చునింది
పెళ్ళిపందిట్లో ముందు వరస పట్టిన పెద్దత్త మాదిరి.
జరగదు, జరగమనే ధైర్యం ఎవరికీ లేదు.
అందుకే ఊరు మిగతా మూడు దిక్కులకూ పారింది
ఒలికిన పాలు వాలు వెతుక్కున్నట్టు,
రేణిగుంట పట్టాల దాకా,
చంద్రగిరి రోడ్డు పొడుగునా,
స్వర్ణముఖి ఇసకలోకి కాళ్ళు చాపి.

నా వంతుకు అవిలాల దాటి ఒక ముక్క వచ్చింది,
బ్లాకు నూట పదిహేడు.
పాత లిస్టులో యాభై రెండిళ్ళు,
రెండు పశువుల కొట్టాలు, ఒక పంపుసెట్టు గది.
గోడల మీద నంబర్లేయడానికి పెట్టెడు సుద్దముక్కలిచ్చినారు.
మొదటి రోజే అయిపోయినాయి.

చెంగల్రాయులు మూడో అంతస్తులో ఉండాడు.
ఎన్నేళ్ళుగా ఇక్కడ అని అడిగితే
బాల్కనీలోంచి కిందికి, కార్ల షెడ్డుకు చెయ్యి చూపించి
"ఇరవై ఏండ్లు శెనక్కాయ వేసింది ఆడే" అన్నాడు.
"ఇప్పుడు అదే నేల మీద, గాల్లో, బాడుగకుండా."
ఫారంలో గళ్ళు రెండే. సొంతం, అద్దె.
పెన్ను ఆగింది.
ఆయనే వంగి చూసి,
"అద్దె రాయి తల్లీ, నిజమే గదా" అన్నాడు.

పక్క బిల్డింగు ఇంకా పూత పడలేదు.
సెల్లారులో గంజాం పిల్లకాయలు పదకొండు మంది.
వాళ్ళకు వచ్చిన తెలుగు నాలుగు మాటలు:
రాయి, నీళ్ళు, డబ్బులు, రేపు.
"పేరు రాయి" అని కాగితమిస్తే
ఒకడు లోపలికి పరిగెత్తి గ్రానైటు పలక తెచ్చినాడు.
నవ్వు ఆపుకోలేక
ఆ పలకనే ఒళ్ళో పెట్టుకుని, చల్లగా ఉంటే,
పదకొండు పేర్లూ దాని మీదే రాసుకున్నాను.
వయసు అందరూ ఇరవై రెండనే చెప్పినారు,
మీసం రానివాడు కూడా.

జరీనమ్మ తలుపు తీసేసరికి పగలు పదకొండు.
రాత్రి ఎక్కడ పడుకున్నారు అనేది నా ప్రశ్న.
"పడుకోవడమా?" అన్నది.
బస్టాండు దగ్గర లాడ్జీలో పక్కలు మార్చే పని ఆమెది.
"నువ్వు తలకాయలు లెక్కబెడతావు, నేను దుప్పట్లు.
నా లెక్కే పెద్దది చూడు."
ఒక రాత్రికి వచ్చిపోయేవాళ్ళు లెక్కలోకి రారని చెప్పినాను.
"మరి వాళ్ళు తాగే నీళ్ళు?
ఎవురి పేరన రాస్తావు?"
ఆ గడి నా దగ్గర లేదు.
టీ ఇచ్చింది. ట్యాంకరు నీళ్ళ టీ, కాస్త ఉప్పగా.

పడమటి కొసన ఒక చిక్కు.
పాత పటంలో అక్కడ నీలం రంగు,
చిన్న చిన్న అలలు కూడా గీసినారెవరో ఓపికగా.
ఇప్పుడక్కడ ఫేజ్ త్రీ, ఆర్చీ, రెండు సిమెంటు ఏనుగులు.
నీలం వేయాలా, గళ్ళు వేయాలా?
వాచ్‌మన్ కుప్పయ్యను అడిగినాను.
"మొన్న కార్తీకం వానకు
లిఫ్టు గుంటలో జెల్లలు పట్టినా మేడమ్.
మనుషులు కొత్త పటం చదువుతారు,
నీళ్ళకు పాతదే వచ్చు."
ఇళ్ళు గీసి,
వాటి కింద పెన్సిలుతో, తేలిగ్గా,
ఒక అల వేసినాను. పైవాళ్ళు చెరుపుకుంటే చెరుపుకోనీ.

యాభై రెండు కాస్తా ఎనిమిది వందల ఆరైంది.
పంపుసెట్టు గది మాత్రం ఉండాది,
దాంట్లో ఇప్పుడు జిరాక్సు మిషను.

మంగళంలో నా గదికి చేరేసరికి చీకటి.
తలుపు మీద ఎవరిదో సుద్దరాత, గుండ్రంగా,
ఇంకో బ్లాకు టీచరుది కాబోలు.
నంబరు వేసి పక్కన రాసింది:
తాళం. మూడోసారి.
చేత్తో తుడవబోయి ఆగినాను.
ఆమె లెక్క ఆమెది.
లోపలికి పోయి లైటేసి
బియ్యం కడిగినాను, ఒక గ్లాసు.