నాలుగో తుమ్ము

గోడకవతల ఎర్సీలియా తుమ్ముతోంది.
రోట్లో కియ్యాయ్ బెరడు దంచుతున్నట్టుంది.
ఆ పొడి ముక్కుకెక్కితే
ఎంతటివాళ్ళయినా తల వంచాల్సిందే.

మౌలే నది పైన, మా కొండవాలులో
ఈ చెట్టుని ఎవరూ నాటరు.
ఎండకి ఓర్చి, మేకలకి ఓర్చి
దానంతటది నిలబడుతుంది.
కుంకుడుకి అక్కా కాదు, చెల్లీ కాదు,
నురగ ఒక్కటే చుట్టరికం.

బెలిసారియో పోయి ఈ మార్చికి ఏడు నెలలు.
అతని నల్ల మాంతా తలుపు వెనక మేకుకే ఉంది.
పొగాకు, గుర్రం చెమట, తడి ఉన్ని:
మూడూ కలిస్తే ఒక మనిషి.
కొట్టు సబ్బుకి నలుపు వెలిసిపోతుందని
మంచంలోంచే చెప్పాడట,
"ఉతికితే బెరడుతోనే ఉతుకు."
అదొక్కటే అప్పగింత.
పొలం గురించీ, అప్పు గురించీ ఏమీ అనలేదు.

ఇన్నాళ్ళూ ఉతకలేదు.
నిన్న మెడ పట్టీ దగ్గర
శనగగింజంత చిల్లు కనబడింది.
చిమ్మటకి సెంటిమెంటు లేదు.

మా వైపు తుమ్ముకి లెక్కుంది.
మొదటిదానికి ఆరోగ్యం అనాలి,
రెండోదానికి డబ్బు, మూడోదానికి ప్రేమ.
పక్కవాళ్ళే అనాలి, తనకి తాను అనుకోకూడదు.
అతను గుర్రాల కొట్టంలోంచి
మూడూ వరసగా అరిచేవాడు,
డబ్బు దగ్గర కొంచెం నవ్వి.

ఇవాళ మూడూ అయిపోయాయి.
ఎవరూ ఏమీ అనలేదు.

గోడ మీంచి తొంగి చూశాను.
సమాధి దగ్గర చుక్క రాల్చలేదని
ఊరంతా చెవులు కొరుక్కున్న కళ్ళు
ఎర్రగా, ధారగా కారుతున్నాయి.
చెంపల మీద బెరడు పొడి
అభ్రకంలా తళుక్కుమంటోంది.
"బెరడు," అంది నన్ను చూసి.
"బెరడే," అన్నాను.

తడిసిన మాంతా ఒక్కరు ఎత్తేది కాదు.
గోడ దూకి ఒక కొస పట్టుకున్నాను.
చన్నీళ్ళ తొట్టిలో నురగ
పాలపొంగులా లేచి అంచు దాటింది.
మొదటి నీళ్ళు కాఫీ రంగు,
తర్వాత బూడిద, తర్వాత ఉత్త నీళ్ళు.
అన్నీ దానిమ్మ మొదట్లోకే వంపాం.

ఆమె అటు, నేను ఇటు మెలితిప్పుతున్నాం.
ఆరిపోతే దీనికి ఏ వాసనా ఉండదు.
నలుపు మాత్రం నలుపుగానే ఉంది.

అప్పుడు మళ్ళీ తుమ్మింది.
చేతులు ఖాళీ లేవు, ముక్కు భుజానికి రాసుకుని
నా వైపు చూసింది.

నాలుగోదానికి
మా వైపు మాట లేదు.
నా కొస ఇంకొంచెం గట్టిగా పట్టుకున్నాను.