సుత్తె గుర్తు

సిరొంచ డిపోల ఇరవై ఆరేండ్లు
పండుకున్న చెట్లనే లెక్కపెట్టిన.
నిలబడ్డ చెట్టు నా పద్దు కాదు,
అది గార్డు పద్దు.
నా దగ్గరికొచ్చేసరికి దానికి కొమ్మలుండవు, పిట్టలుండవు,
పేరు సుత ఒక్కటే: సాగ్వాన్.
పొడుగు ఇంత, చుట్టుకొలత ఇంత,
కోసిన మొఖం మీద సుత్తెతోటి ఒక దెబ్బ.
గుర్తు పడాలె.
లెక్క మరాఠీల, తిట్లు తెలుగుల.
పొద్దుమీకి ప్రాణహితల చేతులు కడిగితే
రంపప్పొట్టు ఏ భాషలనో తేలిపొయ్యేది.

మల్లుబాయి కంటి ఆపరేషనుకు
నాగ్‌పూరు పొయినం.
ఆలాపల్లి దాటంగనే బస్సు ముంగట లారీ,
లారీల నా నంబర్లు.
రాత్రంతా వాటి ఎనుకనే పొయినం,
పట్నం తొవ్వ వాటికే ఎరుక అన్నట్టు.

దవాఖాన పక్కన ఒక తోట.
గేటు, గేటుకు టైము, లోపలికి టికెటు.
బోర్డు మీద 'నగర అడవి' అని రాసున్నది.
అడవికి గేటేందని నవ్వొచ్చింది గని
టికెటు కొన్న, ఎండ అట్లున్నది.

లోపల ఒక పిల్ల, మెడల కార్డు, చంకల ట్యాబు,
ఆసావరి మెష్రాం అట.
ఒక్కతే టేపు పట్టుకొని
వేపచెట్టు చుట్టు తిప్పలు పడుతున్నది.
పోయి రెండో కొస పట్టుకున్న.
ఛాతి ఎత్తున, వంకర లేకుండ, బెరడును ఒత్తకుండ.
నా చేతులు నన్నడగలే.

"నీకెట్ల తెలుసు కాకా?"
"నాది గిదే పని," అన్న.
ఏ పనో చెప్పలే.

ట్యాబుల పట్టిక చూపిచ్చింది:
నాగ్‌పూరు, పుణె, ముంబై, హైదరాబాదు.
ఆకాశం నుంచి తీసిన ఫోటోలల్ల
ఏ పట్నం ఎంత పచ్చగున్నదో
ఒకదాని కింద ఒకటి, బడిపిల్లల మార్కుల లెక్క.
సిరొంచ ఏదని ఎతికిన.
"అది పట్నం కాదు గద కాకా, అడవి."
అడవికి మార్కులు వెయ్యరట.
మా ఊరి చుట్టు ఎటు చూసినా అడవే నిజమే,
బస్టాండుల మాత్రం రేకుల నీడ,
దాని కిందనే మేకలు, దాని కిందనే మేము.

"మొత్తం ఎన్ని ఘనమీటర్లు?" అని అడిగిన.
ఆ పిల్ల నన్ను జెరసేపు చూసింది.
"మేం కట్టె కొలవం కాకా. నీడ కొలుస్తం."

నీడ.
ఇరవై ఆరేండ్లల్ల ఏ రిజిస్టరుల
ఆ గడి చూడలే.

కట్టు ఒక కంటికి, భయం రెండో కంటికి,
రెండూ మూసుకొని మల్లుబాయి
నా భుజం పట్టుకొని నడుస్తున్నది.
"గిది గోడ నీడ," అన్నది,
"సల్లగుంది గని కదుల్తలేదు."
నాలుగడుగులేసి ఆగింది.
"గిది చెట్టు. ఎండ చిల్లులు చిల్లులుగ తగుల్తున్నది."
ఆసావరి ట్యాబు దించింది.
"ఎంత శాతం మావ్శీ?"
మల్లుబాయి అరచెయ్యి చాపి పట్టుకున్నది,
ఆగింది, అటిటు తిప్పింది.
"సగం చెయ్యి."
ఆ పిల్ల నవ్వలేదు. రాసుకున్నది.

తెల్లారి డాక్టరు గది ముంగట కూసున్నం.
తలుపు టేకుది.
పాలిషు కింద ఆ గీతలు నేను గుర్తుపట్టనా?
ఎవ్వరు లేంది చూసి లేచి
అంచుల పొంటి, మడతబందుల ఎనుక, తడిమిన,
గుర్తు ఎక్కడన్న మిగిలిందేమోనని.
లేదు. రంపం ముందుగాల తీసేది దాన్నే.
లోపలినుంచి నర్సు "ఎవరది?" అన్నది.

ఆ పిల్లను ఒకటి అడగాల్సింది, యాది రాలే:
ఈ తలుపు ఏ ఊరి పద్దుల పడుతది?

డిపోల ఇప్పుడు మిట్టమధ్యాహ్నం.
దుంగల వరుసలల్ల ఎవ్వరు లేరు.
టేపు తీసి పండుకున్నదాని నీడ కొలిచిన.
జానెడు.
అండ్ల ఒక కుక్క ఒత్తిగిల్లి పండుకున్నది,
తోక ఎండల్నే ఉన్నది.
రిజిస్టరు అంచున, గడి లేని చోట,
పెన్సిలుతోటి రాసిన.
సాబ్ చూస్తే ఇదేందని అడుగుతడు.
అడగనీ.