డెల్టా

శుక్రవారం పదకొండు పుట్టాయి.
మంగళవారానికి నాలుగు.

మానుపాటి అంకాలు ఏడవలేదు, లెక్కా చెప్పలేదు.
కుచ్చెళ్ళు ఎగదోపుకుని
బుడమేరు గట్టు మీది పాకలో
గొట్టం పట్టి నేల కడుగుతూనే ఉంది.
పచ్చటి నీళ్ళు గట్టు దిగిపోతున్నాయి.
తల్లిపంది పక్కకి ఒరిగి పడుకుంది.
పాలున్నాయి. తాగేవాటికే ఓపిక లేదు.

నేను పశువుల ఆస్పత్రి మనిషిని.
చేతిలో థర్మాకోల్ పెట్టె, ఐసుముక్కలు,
పుల్లకి చుట్టిన దూది.
"తల్లి ఏం తింది?" ముందు అదే అడగమన్నారు.
"గవర్నరుపేట ఏం తింటే అదే."
నిజమే. నీలం డ్రమ్ముల్లో తెల్లారగట్ల వచ్చిన
విరిగిన ఇడ్లీలు, సాంబారులో ఉబ్బిన పూరీలు,
ఎవరి పెళ్ళిదో పులిహోర.

తొట్టి అంచున పిచ్చుకలు.
ఊళ్ళో లేవు లేవంటారే, అన్నీ ఇక్కడే ఉన్నాయి.
మెతుకు కోసం దిగి, తోకెత్తి రెట్ట వేసి
మళ్ళీ రేకుల మీదికి.
పంది మూతి పెట్టిన చోటే పిట్ట ముక్కు.
ఒకే కంచం.

శౌరీలు మేడం ఫోనులో చెప్పింది:
కరోనాల్లో నాలుగో ఇంటిపేరు ఒకటుంది,
జీనువాయిల్లో, పిగిలిపిట్టల్లో, పిచ్చుకల్లో
దాని చుట్టాలు దొరికాయి,
ఎప్పుడు రెక్క దిగి డెక్క పట్టుకుందో
ఎవరికీ సరిగ్గా తెలీదు,
ఇదీ అదేనేమో చూడాలి.
డెల్టా.

ఆ మాట పైకే అన్నాను కాబోలు.
అంకాలు నీళ్ళు ఆపింది.
"మన డెల్టానా?"
కాదమ్మా, అదో అక్షరం. పరాయి భాషలో నాలుగోది.
"మరి మన కాలవల కింద నేలకెందుకు పెట్టారు?"
ఆ అక్షరంలా మూడు మూలలుంటుందని.
"నేలకీ రోగానికీ ఒకటే పేరా."
కాసేపాగి,
"మాకూ అంతేలే.
కోవిడప్పుడు పందులోళ్ళని కుళాయి కాడికి రానిచ్చారా?
మేమే మోసుకొచ్చామన్నట్టు."

మేడం ఇంకోమాట కూడా చెప్పింది,
సముద్రాల అవతల దీవిలో
ముగ్గురు పసివాళ్ళలో కనబడిందని.
ముగ్గురే. ఎక్కడో.
ఆ మాట ఈ గట్టు దాటితే
రేపు పొద్దున పాక ఉండదు.
మింగేశాను.
చేతులు సబ్బుతో రుద్ది కడుక్కో, అన్నాను.
అంకాలు నా కళ్ళలోకి చూసింది.
"పందిని చూసి చెప్తున్నావా,
నన్ను చూసి చెప్తున్నావా?"

జవాబు లేదు. దూది పుల్ల తీశాను.
అరచేతిలో పిల్ల
తడి గుడ్డంత బరువు లేదు.
వెళ్తూ వెళ్తూ, తొట్టి మీద వల కట్టమన్నాను,
పిట్టలు దిగకుండా.

గురువారం మళ్ళీ వెళ్ళాను, రిపోర్టు లేకుండానే.
రెండు పిల్లలు తల్లి పొట్టలో మూతులు గుచ్చుతున్నాయి.
మిగతా రెండింటి సంగతి అడగలేదు.
తొట్టి మీద పాత దోమతెర,
నాలుగు మూలలా తాడు బిగించి ఉంది.

ఇవతల గట్టు మీద
ఒక ఇటుక.
ఇటుక మీద విడిగా
గుప్పెడు మెతుకులు.