ఏడు గదవలు

పక్కనుంచి ఫోటో తీసిండ్రు నాది
నక్కలగుట్ట పండ్ల దవాఖానల, తెల్లగోడకాడ.
"నవ్వకు స్వరూపా, పెదవులు కలుపు"
అన్నది నుజ్హత్ డాక్టరమ్మ.
చీటీలు రాసే కౌంటర్ నాది.
మొఖంతోని నాకెన్నడు పని పడలే.

కంప్యూటర్ల నన్ను నల్లగ నింపిండ్రు.
కన్ను లేదు, కమ్మ లేదు,
ఒట్టి అంచు.
ఆ అంచు పట్టుకొని గదవను
రెండు మిల్లీమీటర్లు ముందుకు గుంజిండ్రు,
నాలుగు వెనుకకు నూకిండ్రు,
ఒక్కదాన్ని ఏడుగురిని చేసిండ్రు.
నడిమిది నేను.
ఎవ్వలకు చెప్పొద్దన్నరు.

పెద్ద డాక్టర్లు పన్నెండు మంది
ముక్కు కొన నుంచి గదవ దాక గీత గీసి
పెదవి ఎంత దాటిందో కొలిసిండ్రు.
మూడో నంబర్‌కు ఎనభై మార్కులు,
నడిమిదానికి ముప్పై ఎనిమిది.
నేనే కూడిన.
మళ్లొకసారి కూడిన.

ఇగ జనాన్ని అడగాలె అన్నరు.
కాయితాలు పట్టుకొని ఎనుమాముల యార్డుకు పోయి
తుమ్ముకుంట, తుమ్ముకుంట
మిర్చి తొడిమెలు తీసే ఆడోళ్ల నడుమ కూసున్న.
మొఖానికి కొంగు కట్టుకున్న కొంరమ్మ
"కండ్లు లేకుంట మంచేంది, చెడేంది?" అన్నది.
ఒకటోదాన్ని చూసి "పండ్లూడిన మా అత్త" అని నవ్వింది.
ఏడోది నల్లాకాడ కొట్లాడే రకమట.
నడిమిదాని మీద బొటనవేలు ఆనిచ్చి
శానసేపు ఊకున్నది.
"ఈమె ఆకలైనా అడగది."

ఫారంల గా మాటకు గడి లేదు.
సున్న నుంచి నూరు దాక ఒక గీత, గంతే.

కొత్తవాడల జంపఖానా నేసే రాజీరు
కండ్లద్దాలు తుడుసుకొని, కాయితం తలకిందులు చేసి,
"అన్నిటికి అంచొక్కటే బిడ్డా,
ఒక పోగు ఇటో అటో జరిగింది.
ఎవలు నేసిండ్రు?" అన్నడు.
మా అమ్మ పేరు నాలిక దాక వచ్చింది.
"ఎంత ఏస్తవు తాతా?" అన్న.
"అన్నిటికి యాభై రాయి."

పొద్దుగూకినంక లెక్క చూసి డాక్టరమ్మ తలకాయ ఊపింది:
మేం చూసే రెండు మిల్లీమీటర్లు
వీళ్లకు ఆనయి.
కొంరమ్మ కాయితం పక్కకు తీసింది.
"దీని మీద మరకవడ్డది, లెక్కకు రాదు."

నా గదవ మీద ఎర్రటి బొటనవేలి ముద్ర.
మడిచి టిఫిన్ సంచిల పెట్టుకున్న.
కాజీపేట బ్రిడ్జి మీద, బస్సు కిటికీల
పక్కమొఖం చూసుకుందామంటే
ఎట్ల తిరిగినా ఎదురుంగనే ఉన్న నేను.
మర్చిపోయి కండ్లు నలుసుకున్న.

రెండు కండ్లూ
భగ్గుమన్నయి.