పదకొండు బొగ్గుగీతలు

గుణుపురం రైల్వేగేటు అవతల
జీడిపిక్కల గోదాంలో
బస్తాకొక గీత, గోడ మీద.
ఎలీసా రైతా గీస్తాడు బొగ్గుముక్కతో,
వీపు మీది బరువు దించిన ఊపు
ఇంకా చేతిలో ఉండగానే.
అందుకే అతని గీతలన్నీ కాస్త కుడికి ఒరుగుతాయి.

పదకొండో బస్తా దగ్గర వాన దిగింది.
మిగతా సరుకు తెచ్చే ట్రాక్టరు
వంశధార కాజ్‌వే అవతలే ఉండిపోయింది.
నేను గుమస్తాని. ఒక కుర్చీ, లాంతరు,
చెల్లని వేబిల్లుల కట్ట.
గోడకేసి చూస్తూ కూర్చుంటే
గీతలు గీతల్లా ఉండడం మానేశాయి.

గీతలుగా చదివితే పదకొండు బస్తాలు.
అంకెలుగా చదివితే
వెయ్యిన్నూట పదకొండు కోట్ల
పదకొండు లక్షల
పదకొండు వేల నూట పదకొండు.
మా సావుకారు కలలో కూడా అంత అప్పివ్వలేదు.

పగలగొడదామనిపించింది.
పిక్కల మధ్య బతికేవాడికి
ఏది చూసినా అదే బుద్ధి.

రెండూ ఐదూ గుమ్మంలోంచే వెనక్కి.
మూడు పెట్టాను, రెండు మిగిలింది.
ఏడు పెట్టాను, మళ్ళీ రెండే.
పదకొండు ఒకట్లు కదా,
పదకొండుకైనా లొంగుతుందనుకున్నాను.
ఒకటి మిగిలింది,
విస్తళ్ళు ఎత్తేశాక వచ్చిన చుట్టంలా.

తొమ్మిదో తరగతిలో దండపాణి పాఢీ మాస్టారు,
ఒడియాలో తిట్టి తెలుగులో బుజ్జగించే మనిషి,
ఒక కిటుకు చెప్పారు:
ఇన్ని ఒకట్లని కోసే కత్తి
ఇరవైరెండేసి మెట్లెక్కి
ఆపైన ఒకటి కలిపిన చోటే దొరుకుతుందని.
ఎందుకో చెప్పేలోగా గంట కొట్టారు.

ఇరవైమూడు. పది మిగిలింది.
అరవైఏడు. ఎనభైతొమ్మిది.
నూట తొంభైతొమ్మిది.
వాన.
వేబిల్లుల వెనకలు అయిపోతే రశీదు పుస్తకం,
అదీ అయిపోతే
గోనెసంచి మీద సుద్దముక్క.

రైతా వచ్చి తలుపు దగ్గర గొంతుక్కూర్చునేవాడు.
"ఎన్నయినాయి బాబూ?"
"పదకొండే."
"మరింత రాతేటి?"
జవాబు లేదు నా దగ్గర.
చుట్ట అంటించుకుని పోయేవాడు.

పదమూడో రాత్రి,
తొమ్మిది వందల ఎనభైనాలుగో మెట్టు మీద,
ఇరవైఒక్క వేల ఆరువందల నలభైతొమ్మిది
లోపలికి దిగింది, దిగింది, అడుగంటా దిగింది.
సున్నా.
మళ్ళీ మొదట్నించీ చేశాను. సున్నా.
చేతిలోకి ఊడిపడ్డ రెండోది
ఐదు లక్షల పదమూడు వేల
రెండువందల ముప్పైతొమ్మిది.
రెండే బద్దలు. జీడిపప్పుకీ అంతే.
కాకపోతే వీటిని ఇంక ఏ కత్తీ చీల్చలేదు.

ఎవర్ని లేపి చెప్పను?
గేటు దగ్గర ఎర్రదీపం ఒక్కటే మేలుకుని ఉంది.
దానికి చెప్పాను.

తెల్లారేసరికి తెరిపిచ్చింది.
ట్రాక్టరు వచ్చింది, చక్రాల నిండా ఒండ్రు.
రైతా పన్నెండో బస్తా దించి
ఎప్పట్లాగే,
కుడికి ఒరిగిన గీత ఒకటి గీశాడు.

లెక్క కట్టక్కర్లేకపోయింది.
మూడుకి తెగింది. ఏడుకి తెగింది.
పదకొండుకీ, పదమూడుకీ, ముప్పైఏడుకీ,
నూటఒకటికీ,
దారినపోయే చిన్నాచితకా అంకెలకి
అడిగిందే తడవుగా పంచి ఇచ్చేసింది,
పదమూడు రాత్రులు నా ముందు
పెదవి విప్పనిది.

"ఎన్నయినాయి బాబూ?"
"పన్నెండు," అన్నాను.
అప్పటికే అతను
పదమూడోదాని కింద వీపు పెట్టాడు.