పదకొండు చెట్లు

మా ఊళ్ళో చెట్టుకు గాటు పెట్టడాన్ని
కొయ్యడం అనరు,
కుట్టడం అంటారు.
జులై వేకువన మోకాళ్ళ మీద వంగి
మా నాయనమ్మ మార్కెల్లా
మాస్టిక్ చెట్టు బెరడు మీద సన్నటి ఉలితో
జాకెట్టు మీద పువ్వులు కుట్టినంత ఓపికగా కుట్టేది.
కుట్టిన చోటల్లా చెట్టు ఏడ్చేది.

ఆ ఏడుపు మట్టిపాలు కాకూడదని
ముందే చెట్టు చుట్టూ నేల ఊడ్చి
తెల్లసుద్ద జల్లెడపట్టి పరిచేవాళ్ళం.
దూరం నుంచి చూస్తే కొండవాలంతా
రాత్రి ఎవరో వెన్నెల ఒలకబోసి
తుడవడం మరిచిపోయినట్టుండేది.

ఖియోస్ దీవికి దక్షిణానే ఈ చెట్టు ఇలా ఏడుస్తుంది.
ఉత్తరాన నాటితే పచ్చగా పెరుగుతుందిగానీ
కంటతడి పెట్టదు.
"అక్కడివాళ్ళు సుఖపడ్డారేమోలే" అనేది నాయనమ్మ.

ఈ బంక కోసమే జెనోవా దొరలు
మా ఊరిని కోటలా కట్టారు.
ఇంటికి ఇల్లు అతికించి
గాడిద పట్టేంత వీధి వదిలారు.
గుప్పెడు దాచుకున్నవాడికి చెవి పోయేదట.
తర్వాత సుల్తాను వచ్చాడు.
అంతఃపురంలో ఆడవాళ్ళు పొద్దుపోక నమలడానికి
మా కన్నీళ్ళు బస్తాలకొద్దీ ఓడెక్కాయి.
దొరలు పోయారు, సుల్తాను పోయాడు.
గోడలు మిగిలాయి.

అందులో ఒక గోడ మాకూ అర్గిరోకీ ఉమ్మడి.
అర్గిరో మా నాయనమ్మకు ఆడపడుచు.
పదకొండు చెట్ల హద్దు దగ్గర
పదిహేడేళ్ళుగా మాటల్లేవు.
అటు దగ్గితే ఇటు వినబడుతుంది,
ఇటు ఉల్లిపాయ వేగితే అటు తెలుస్తుంది.
ఈస్టరుకు ఒక ఎర్రగుడ్డు కూడా గోడ దాటలేదు.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు, ఆగస్టు చివర
ఒక రాత్రి ఆసియా ఒడ్డు మీద మెరిసింది.
ఆగస్టు వాన మాకు పగవాడు.
గట్టిపడని బంక మీద నాలుగు చినుకులు పడ్డాయంటే
ఏడాది రెక్కల కష్టం సుద్దలో కలిసినట్టే.
గంట కొట్టలేదు. ఎవరూ ఎవర్నీ పిలవలేదు.
తలుపుల్లోంచి టార్చిలైట్లు
వాటంతటవే బయటికొచ్చాయి.

నాయనమ్మ నేలకు కరుచుకుని ఏరుతోంది.
వెలుతురు పట్టడం నా పని.
మా చివరి చెట్టు కింద
ఇంకో రెండు చేతులు కనబడ్డాయి.
మోచేతులదాకా సుద్ద.
ఎడమ చిటికెనవేలికి కొస లేదు.
ఆ వేలు ఎవరిదో ఊళ్ళో పిల్లలందరికీ తెలుసు.
టార్చి పైకెత్తబోయాను.
"కిందికి పట్టు" అంది నాయనమ్మ, తల తిప్పకుండా.

మొదటి చినుకు నా మెడ మీద పడింది.
చల్లగా లేదు. గోరువెచ్చగా ఉంది.

తెల్లారి గుమ్మంలో గుడ్డమూట.
నాయనమ్మ తక్కెడ తెచ్చి తూచింది,
పెదవి విరిచింది,
గోడవైపు తిరిగి
పదిహేడేళ్ళ తర్వాత మొదటి మాట అంది,
వీధి వీధంతా వినేలా:
"నూటయాభై గ్రాములు తక్కువుంది!"

ఎంతకు తక్కువో ఎవరికి తెలుసు?
గోడ అవతల గిన్నె ఠపీమని కిందపెట్టిన చప్పుడు.
"ఆరితే తగ్గదూ?
ఆపాటి తెలీకుండానే ముసలిదానివయ్యావా?"

ఆ తగువు సెప్టెంబరంతా నడిచింది.
చలికాలం పొయ్యి దగ్గర
ఒకే బల్లకు అటూ ఇటూ కూర్చుని
చాకుమొనతో గింజగింజకూ అంటిన సుద్ద గీకుతూ
ఇద్దరూ దాన్ని ఇంకా నడిపించారు.
మధ్యలో నేను కాఫీ అందిస్తే
గ్రాముల లెక్క ఆపకుండానే తాగారు,
ఒకరి కప్పు ఒకరు.